పప్పు ఉడికే నీళ్లు: మా ఇంటి ఐదు నీళ్ల డైరీ

మే 4, ఆదివారం

దీనికంతా కారణం మా మేనకోడలు. పోయిన నెల పండక్కి అందరం ఊళ్లో కూర్చుని నవ్వుకుంటుంటే నా మొహంలోకి చూసి, "మామా, నీ పళ్లకు ఆ గీతలేంది? అమ్మకు లేవ్ గద" అంది. నా ముందు పళ్ల మీద గోధుమ రంగు అడ్డచారలు ఉంటాయి, చిన్నప్పటి నుంచీ ఉన్నాయి. నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు పుట్టినవాడికి అదేమంత వింత కాదు, అక్కడి నీళ్లలోని ఫ్లోరైడ్ అనే లవణం వల్ల మా క్లాసులో సగం మందికి ఉండేవి. కానీ ఒకే ఇంట్లో ఒకే అమ్మ వంట తిని పెరిగిన మా అక్కకు ఎందుకు లేవు? ఇన్నేళ్లలో ఆ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా తట్టలేదు, పదేళ్ల పిల్ల అడిగే దాకా.

నేను హైదరాబాద్‌లో మోటార్లు, పంపులు రిపేరు చేసే షాపులో పని చేస్తాను. నీళ్లు ఎక్కించడం తెలుసు, నీళ్లలో ఏముందో తెలియదు. అందుకే ఈ ఎండాకాలం నుంచి ఆదివారాలు ఊరికి వెళ్లినప్పుడల్లా మా ఇంటికి వచ్చే నీళ్లన్నీ ఒక్కొక్కటిగా పరీక్ష చేసి ఇక్కడ రాసుకుందామని మొదలుపెట్టాను. ఇంటికొచ్చే నీళ్లు లెక్కేస్తే ఐదు రకాలు తేలాయి. పెరట్లో నాలుగు వందల అడుగుల బోరు. పొలం గట్టు మీద మా తాత తవ్వించిన పాత బాయి. గేటు దగ్గర నల్లా, అంటే మిషన్ భగీరథ కింద వచ్చే కృష్ణ నీళ్లు. ఊళ్లో ఆర్ఓ ప్లాంటు నుంచి తెచ్చుకునే ఇరవై లీటర్ల క్యాన్. ఐదోది వాన, అది ఇప్పటిదాకా ఇంటికి రావడం లేదు, స్లాబు మీద నుంచి నేరుగా వీధి మోరీలోకి పోతోంది.

మొదటి పరికరం టీడీఎస్ మీటరు, అంటే నీళ్లలో కరిగిన ఉప్పులన్నీ కలిపి ఎంతో చూపేది, షాపులో ఉన్నదే పట్టుకొచ్చాను. ఇవాళ్టి రీడింగులు (ఈ డైరీలో నీళ్ల అంకెలన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో): బోరు 640, బాయి 980, నల్లా 330, క్యాన్ 45. అంకెలు చూసి మా నాయిన వెంటనే తీర్పు చెప్పేశాడు, "క్యాన్ నీళ్లు ఫస్టు, బాయి నీళ్లు లాస్టు." నేనూ అలాగే అనుకున్నాను. ఒక మాట ముందే రాసి పెడతాను, మధ్యాహ్నం ఎండలో మరుగుతున్న పైపులోంచి పట్టిన నీళ్లకు మొదట బోరు 750 చూపించింది. గ్లాసు చల్లారాక 640కి వచ్చింది. ఈ మీటరు కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతోందన్నది, వేడెక్కితే అది పెరుగుతుంది. కొత్త మీటర్లు వేడిని సర్దుకుంటాయట, నాది సర్దుకోదు. అన్ని గ్లాసులూ ఒక గంట నీడలో పెట్టి కొలవాలి.

మే 11

ఇవాళ పరీక్షలేవీ లేవు, అమ్మను కూర్చోబెట్టి పాత సంగతులు అడిగాను. మా బోరు వేసింది 1994లో. అప్పటిదాకా తాగడానికి బాయి నీళ్లే, బిందెలతో మోసుకొచ్చేవాళ్లు. అక్క 1983లో పుట్టింది, నేను 1992లో. అంటే అక్కకు పదకొండేళ్లు వచ్చేదాకా బాయి నీళ్లు, నాకు రెండేళ్ల నుంచే బోరు నీళ్లు. పళ్ల పైన ఉండే తెల్లటి పొర చిగురు లోపల తయారయ్యేది దాదాపు ఎనిమిదేళ్ల లోపు, ఫ్లోరైడ్ మచ్చ పడేదీ అప్పుడే. ఒకసారి పన్ను గట్టిపడ్డాక ఎంత ఫ్లోరైడ్ నీళ్లు తాగినా కొత్తగా ఆ చార రాదు. అక్క పళ్లు బాయి కాలం నాటివి, నావి బోరు కాలం నాటివి. కాగితం మీద రెండు సంవత్సరాలు పక్కపక్కన రాసి చూసుకుంటే ఒళ్లు జలదరించింది.

మరి మంచి బాయి ఉండగా బోరు నీళ్లకు ఎందుకు మారారు? దూరం అని చెప్తుందనుకున్నాను. అమ్మ చెప్పింది వేరు.

"బాయి నీళ్లల్ల పప్పు ఉడకక పోయేదిరా. రెండు గంటలు కట్టెలు ఎగేసినా పలుకు పలుకుగనే ఉండేది. బోరు నీళ్లు పోసిన నాడు ఎన్నపూస లెక్క ఉడికింది. రుచి గూడ తియ్యగ ఉండె. గవే మంచి నీళ్లని అందరం గవే తాగినం."

ఊరంతా అలాగే ఎంచుకుందట. కొత్త బోరు పడితే మొదటి బిందె నీళ్లతో పప్పు వండి చూసేవాళ్లట. పప్పు ఉడికితే తాగే బోరు, ఉడకకపోతే బర్లకూ బట్టలకూ.

మే 18

రెండు వేలు పెట్టి ఫీల్డ్ టెస్ట్ కిట్ కొన్నాను. చిన్న సూట్‌కేసులా ఉంది, చుక్కల మందు సీసాలు, రంగుల కార్డు. అక్క పిల్లలు చుట్టూ చేరి కూర్చున్నారు, ఇంద్రజాలం చూసినట్టు.

ముందు కాఠిన్యం, అంటే నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎంత ఉన్నాయన్నది. నీళ్లలో పొడి వేస్తే ద్రాక్ష రసం రంగు వస్తుంది, తర్వాత ఒక్కొక్క చుక్కా మందు వేస్తూ ఊపుతుంటే ఒక చుక్క దగ్గర ఠక్కున నీలం అవుతుంది. ఎన్ని చుక్కలు పడితే అంత కాఠిన్యం. బాయి నీళ్లకు చుక్కలు వేసి వేసి చెయ్యి నొప్పి పుట్టింది, లెక్క 420కి తేలింది. నల్లా 170. బోరు మాత్రం 130 దగ్గరే నీలమైపోయింది. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం 200 లోపు ఉండటం మంచిది, వేరే దారి లేకపోతే 600 దాకా ఓర్చుకోవచ్చు. ఆ లెక్కన బోరు నీళ్లు బంగారం.

తర్వాత ఫ్లోరైడ్. మందు కలిపితే గులాబీ రంగు వస్తుంది, ఫ్లోరైడ్ ఎక్కువైన కొద్దీ అది పసుపు వైపు తిరుగుతుంది. క్యాన్ నీళ్లు గులాబీగానే ఉన్నాయి. నల్లా కూడా దాదాపు అంతే. బాయి నీళ్లు కాస్త నారింజ రంగుకు తిరిగాయి, కార్డు మీద 1కీ 1.5కీ మధ్య. బోరు నీళ్లు పోసిన గ్లాసు ఒక్క నిమిషంలో పచ్చగా అయిపోయింది, కార్డు మీద ఆఖరి గడి రంగు.

నాయిన నా వంక చూసి ఏమీ అనలేదు. అమ్మ మాత్రం, "రంగుదేముందిరా, పసుపు మంచిదే గద" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మీటరు తిట్టిన బాయికి ఫ్లోరైడ్ తక్కువ, మీటరు ఫర్వాలేదన్న బోరుకు ఎక్కువ. 640 మొత్తం ఉప్పులో ఫ్లోరైడ్ రెండో మూడో ఉంటుంది. అది ఉన్నా లేకపోయినా మీటరు అంకె కదలదు. ఇది రాసిపెట్టుకోవాల్సిన పాయింటు, ఎందుకంటే నేను హైదరాబాద్‌లో ఎంతమంది ఇళ్లకు వెళ్లి మీటరు ముంచి "మీ నీళ్లు సూపర్ అండీ" అని చెప్పి వచ్చానో నాకే తెలుసు.

మే 25

కిట్ రంగులు నా కంటి చూపు మీద ఆధారపడతాయి కాబట్టి నాలుగు రకాల నీళ్లూ జిల్లాలోని ల్యాబుకు ఇచ్చాను. ఇవ్వబోయే ముందు ఒక తప్పు చేశాను. శుభ్రంగా ఉంటాయని గాజు సీసాల్లో పట్టుకెళ్లాను. ఫ్లోరైడ్ పరీక్షకు ప్లాస్టిక్ సీసా కావాలి, గాజుతో ఫ్లోరైడ్‌కు పడదు అని అక్కడి అమ్మాయి చెప్పి తిప్పి పంపింది. మళ్లీ ముప్పై కిలోమీటర్లు. కొత్త వాటర్ బాటిళ్లు కొని, వాటిలో ఉన్న నీళ్లు పారబోసి, ఏ నీళ్లు పట్టాలో అవే నీళ్లతో మూడుసార్లు తొలిచి, అప్పుడు నింపి పట్టుకెళ్లాను. సబ్బు అసలు ముట్టకూడదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాయిన 1996 ఎన్నికల సంగతి ఎత్తాడు. మా నీళ్ల గోస ఢిల్లీకి వినపడాలని ఆ యేడు నల్గొండ లోక్‌సభ సీటుకు 480 మంది నిలబడ్డారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అచ్చు వేయాల్సి వచ్చింది, పోలింగే వాయిదా పడింది. "ముద్ర ఏడ గుద్దాల్నో దొర్కక పేజీలు తిరగేసుకుంట నిలవడ్డ" అని నవ్వాడు. నల్గొండలో ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు ఉందని 1945లోనే బయటపడింది. అంతకు ముందే 1937లో ఇప్పటి ప్రకాశం జిల్లా వైపు పల్లెల్లో గుర్తించారు. అంటే మా బోరు వేసేనాటికి ఈ సంగతి తెలిసి దాదాపు యాభై ఏళ్లు. తెలిసింది కాగితాలకు, మా అమ్మ పొయ్యి దాకా రాలేదు.

జూన్ 8

రిపోర్టు వచ్చింది. ఫ్లోరైడ్: బోరు 2.8, బాయి 1.2, నల్లా 0.4, క్యాన్ 0.2. ఐఎస్ 10500లో ఫ్లోరైడ్‌కు 1 దాకా మంచిది, వేరే దారి లేకపోతే 1.5. అదే పట్టికలో బాయికి ఇంకో దెబ్బ ఉంది, నైట్రేట్ 68. దానికి హద్దు 45, ఆ హద్దుకు సడలింపే లేదు. బాయి చుట్టూ వరి, పత్తి, పక్కనే మా బర్ల కొట్టం. చల్లిన యూరియా, పేడనీళ్లు వానతో పాటు ఇంకి నేరుగా బాయిలోకి దిగుతున్నాయి. పసిపిల్లలకు పట్టే పాలలో ఇలాంటి నీళ్లు కలిపితే చాలా ప్రమాదం. కాబట్టి "తాతల నాటి బాయి నీళ్లే మంచివి" అని పాట పాడే అవకాశం కూడా పోయింది.

ఇంకో వరస చూసి కాసేపు ఆగిపోయాను. బోరు నీళ్ల క్షారత 400, అంటే సోడా గుణం బాగా ఎక్కువ. పప్పు త్వరగా ఉడకాలని మనం చిటికెడు వంటసోడా వేస్తాం చూడండి, ఆ పని ఈ నీళ్లు పుట్టుకతోనే చేస్తున్నాయి. బాయి నీళ్లలో కాల్షియం ఎక్కువ, అది పప్పులోని పెక్టిన్ అనే జిగురు పదార్థాన్ని పట్టి బిగిస్తుంది, అందుకే పలుకు. ఇక్కడిదాకా వంటింటి సంగతి. మా కింద ఉన్నది గ్రానైట్, దాని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. నీళ్లు ఏళ్ల తరబడి ఆ రాతి పగుళ్లలో నిలబడి నానితే కాల్షియం సున్నంగా పేరుకుని దిగిపోతుంది, సోడా గుణం పెరుగుతుంది. కాల్షియం ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టుకుని గడ్డ కట్టించేది. అది లేకపోయేసరికి, పైగా క్షారం తోడయ్యేసరికి ఫ్లోరైడ్ రాతిలోంచి ఊడి నీళ్లలోకి వచ్చేస్తుంది.

అంటే పప్పును మెత్తగా ఉడికించే గుణమూ, ఫ్లోరైడ్‌ను రాతి నుంచి పీకే గుణమూ ఒకటే. మా ఊరి ఆడవాళ్లు ఎంతో తెలివిగా, కళ్లతో చూసి, నాలుకతో చూసి, పొయ్యి మీద పెట్టి చూసి ఎంచుకున్న నీళ్లు సరిగ్గా ఎంచుకోకూడని నీళ్లు. వాళ్ల పరీక్ష తప్పు కాదు, అది అడిగిన ప్రశ్నకు నిజాయితీగానే జవాబు చెప్పింది. ప్రశ్నే వేరేది అయ్యుండాల్సింది.

ఈ సంగతి అమ్మకు చెప్పాను, కాస్త మెత్తగా. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. రాత్రి అన్నం పెడుతూ, "అయితే నీ పళ్లు నేనే ఖరాబు చేసిన్నా" అంది. ఈ డైరీ మొదలుపెట్టినందుకు మొదటిసారి బాధేసింది.

జూన్ 15

సరే, బోరు తాగడానికి వద్దు, బాయి వద్దు. మిగిలినవి నల్లా, క్యాన్. ఇంట్లో ఇప్పుడు తాగేది క్యాన్, ఎందుకంటే నల్లా నీళ్లు "మందు వాసనొస్తయ్". ఆ నల్లా నీళ్లు గేటు దగ్గర సంపులో పడి, మోటారుతో మిద్దె మీది ట్యాంకు ఎక్కి, గిన్నెలకూ స్నానాలకూ పోతున్నాయి. నాగార్జునసాగర్ వైపు నుంచి శుద్ధి చేసి, పంపు చేసి, ఇంత దూరం తెచ్చిన కృష్ణ నీళ్లతో బర్రెలు కడుగుతున్నాం, పక్కనే నీళ్లు కొనుక్కు తాగుతున్నాం.

క్రిముల పరీక్షకు చిన్న సీసాలు దొరుకుతాయి, హెచ్2ఎస్ వయల్ అంటారు. గీత దాకా నీళ్లు పోసి మూత పెట్టి ఒకటి రెండు రోజులు వదిలేస్తే, మలంతో కలుషితమైన నీళ్లలో ఉండే తరహా క్రిములు ఉంటే నల్లగా మారుతుంది. ఎనిమిది పెట్టాను. మర్నాడు సాయంత్రానికి అమ్మ ఫోన్ చేసింది, "అన్నీ నల్లగైనయ్ రా, బొగ్గు లెక్క."

అన్నీ అంటే అన్నీ. కాచి చల్లార్చి మరీ పోసిన సీసా కూడా. అది చెప్పగానే అర్థమైంది, తప్పు నీళ్లది కాదు నాది. అన్నిటికీ ఒకే గరాటు వాడాను, అది కిరోసిన్ పోసే పాత గరాటు, కడిగాను కానీ కాచలేదు. అసలు మోటారు విప్పిన చేతులతోనే మూతలు తీశాను. ఎనిమిది సీసాలు దండగ. ఒక్క సంతోషం, కాచిన నీళ్ల సీసా పెట్టుండకపోతే ఊరి నీళ్లన్నీ విషమని నమ్మి ఊరంతా చాటింపు వేసుండేవాణ్ణి.

జూన్ 22

మళ్లీ. ఈసారి చేతులు సబ్బుతో కడిగి, నల్లా మూతికి స్పిరిట్ దూది అంటించి కాల్చి, రెండు నిమిషాలు నీళ్లు వదిలి, గరాటు లేకుండా నేరుగా సీసాలోకి పట్టాను. కాచిన నీళ్లు రెండు సీసాలు.

ఫలితం: కాచినవి రెండూ తేట. గేటు దగ్గర నల్లా తేట. బోరు తేట. బాయి నలుపు, ఊహించిందే. సంపు నలుపు. మిద్దె ట్యాంకు నలుపు. క్యాన్ నలుపు.

క్యాన్! టీడీఎస్ 45, నాయిన దృష్టిలో ఫస్టు ర్యాంకు. నేను వెంటనే ప్లాంటు మీద అనుమానపడ్డాను కానీ ఆ రోజు పట్టింది మూడు రోజుల నాటి క్యాన్, సగం తాగినది, స్టాండు మీద వంచి గ్లాసుల్లోకి పోసుకునేది. దాని సంగతి వచ్చేవారం.

క్లోరిన్ ఎంతుందో చూపే చుక్కల మందు కూడా వేసి చూశాను. గేటు దగ్గర నీళ్లు లేత పసుపు, 0.5 చూపించింది. కనీసం 0.2 ఉండాలి కాబట్టి బాగుంది. సంపులో నీళ్లకు అసలు రంగే రాలేదు, సున్నా. అదే నీళ్లు, పన్నెండు అడుగుల దూరం. అమ్మ ముక్కు మూసుకునే ఆ మందు వాసన ఉన్నంతసేపే ఆ నీళ్లకు కాపలా ఉన్నట్టు. మా సంపులోకి వచ్చేసరికి బురద, నాచు ఆ క్లోరిన్ అంతా తినేశాయి.

జూన్ 29

సంపు దిగాను. వివరాలు రాయను, భోజనం చేస్తూ చదివేవాళ్లు ఉంటారు. ఒక్కటి చెప్తాను, ఏడేళ్లుగా ఎవరూ దిగలేదు, మూత పగిలి మూలన బొక్క పడింది, లోపల చేతి మందాన బురద, అందులో రెండు కప్పలు, పోయిన దీపావళిది కాబోలు ఒక ప్రమిద. దిగే ముందు మూత తీసి గంటసేపు గాలి ఆడనిచ్చాను, నాయిన పైన నిలబడ్డాడు. ఒంటరిగా మాత్రం ఎవరూ దిగకండి.

బురద ఎత్తి, గోడలు రుద్ది, రెండుసార్లు కడిగి పారబోశాక నింపి బ్లీచింగ్ పౌడర్ కలిపాను. మంచి పౌడర్ అయితే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు, మా సంపు మూడు వేలు కాబట్టి ఏడున్నర. నగలు తూచే చిన్న కాటా అక్క దగ్గర ఉంటే అడిగి తెచ్చాను. బకెట్లో కలిపి, సున్నం కిందికి దిగాక పైన తేట మాత్రమే పోయాలి, గంట ఆగాలి. కొత్త మూత మేస్త్రీతో వేయించాం, పద్నాలుగు వందలు.

జూలై 6

ఆర్ఓ ప్లాంటుకు వెళ్లాను. నడిపే కుర్రాడు మంచివాడే, లోపలికి రానిచ్చాడు. వాళ్ల కొళాయి దగ్గర నేరుగా పట్టిన నీళ్ల సీసా తేటగానే ఉండిపోయింది. అక్కడి నుంచి తెచ్చి క్యాన్‌లో పోసిన మొదటి రోజు కూడా తేట. మూడో రోజు నలుపు. క్యాన్ లోపలికి చెయ్యి దూరదు, బ్రష్షు పట్టదు, అడుగున వేలితో రాస్తే జిగట. ఈ నీళ్లలో క్లోరిన్ ఉండదు, ఒకసారి క్రిమి పడిందంటే ఆపేవాడు లేడు. ఫ్లోరైడ్ తీయడంలో ఆర్ఓకు వంక పెట్టలేం, మా ఊరికి అది పదేళ్లు ప్రాణం పోసింది. వంక మా క్యాన్‌ది.

వెనక గోడ దగ్గర ఇంకో పైపు చూశాను, వదిలేసే నీళ్లది. మీటరు పెడితే 1080. ప్లాంటు పీల్చేది కూడా మా బోరు లాంటిదే, వందలో నలభై పాళ్లు మంచినీళ్లుగా ఇచ్చి, తీసిన ఉప్పూ ఫ్లోరైడూ అంతా మిగతా అరవైలోకి తోసేస్తుంది. అవి మోరీలో పారి, చింతచెట్టు కింద గుంటలో ఇంకుతున్నాయి. ప్లాంటు బోరు ఆ గుంటకు నలభై అడుగుల దూరం. నేను ఆ కుర్రాడికి చూపిస్తే తల గోక్కుని, "అన్నా, గిదంతా మాకెవలు చెప్పిన్రు" అన్నాడు.

జూలై 13

బోరు నీళ్లలో ఫ్లోరైడ్ తీయడానికి నల్గొండ టెక్నిక్ చేసి చూద్దామనిపించింది. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) వాళ్లు కనిపెట్టిన పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు, ఏం పేరొచ్చిందిరా బాబూ మాకు. పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపి మొదట గబగబా, తర్వాత పది నిమిషాలు నెమ్మదిగా కలియబెడితే తెల్లటి తుట్టెలు కట్టి ఫ్లోరైడ్‌ను పట్టుకుని గంటలో అడుక్కు దిగుతాయి. నలభై లీటర్ల బకెట్టు, అడుగుకు కాస్త పైన చిన్న కొళాయి. కిట్ ప్రకారం 1.5 దగ్గరికి దిగింది. కానీ క్షారత ఎక్కువున్న నీళ్లకు పటిక చాలా పోయాలి, నీళ్లు వగరుగా అయ్యాయి, అడుగు బురద ఎక్కడ పారేయాలో తెలియలేదు. గేటు దగ్గర 0.4 నీళ్లు ఊరికే పారుతుంటే రోజూ ఈ కుస్తీ ఎందుకు? వదిలేశాను.

అన్నట్టు, మరగబెడితే ఫ్లోరైడ్ పోతుందని మా వీధిలో చాలామంది నమ్మకం. పోదు. రెండు లీటర్లు మరిగి లీటరైతే, అదే ఫ్లోరైడ్ సగం నీళ్లలో మిగులుతుంది. మరగబెట్టడం క్రిముల కోసం, రాతి కోసం కాదు.

జూలై 20

వాన! స్లాబు అరవై చదరపు మీటర్లు. ఒక మిల్లీమీటరు వాన పడితే చదరపు మీటరుకు ఒక లీటరు, అంటే మా స్లాబుకు అరవై లీటర్లు. మొదటి చినుకులతో పిట్టల రెట్టలు, దుమ్ము దిగుతాయి కాబట్టి ఆ నీళ్లు పక్కకు పోవాలి. నాలుగించుల పైపు నిలువుగా పెట్టి కింద మూత బిగించాను, అది నిండాక మంచి నీళ్లు డ్రమ్ములోకి మళ్లేలా. లెక్క వేయకుండా షాపులో మిగిలిన రెండు మీటర్ల ముక్క వాడాను. నాలుగించుల పైపులో మీటరుకు ఎనిమిదిన్నర లీటర్లే పడతాయి, మొత్తం పదిహేడు. ముప్పావు గంట వాన తర్వాత డ్రమ్ములో నీళ్లు టీ రంగు, టీడీఎస్ 140. మొదటి మురికి మూడు వంతులు నేరుగా డ్రమ్ములోకే వెళ్లింది.

ఆగస్టు 3

పైపు తీసేసి దాని చోట పాత డ్రమ్ము బాగా కడిగి పెట్టాను, ఇంజిన్ ఆయిల్‌ది కాదు, వంటనూనెది, అరవై లీటర్లది. స్లాబు కూడా వానకు ముందే ఊడ్చాం, ఊడ్చింది మేనకోడలు, కూలి ఐదు రూపాయలు. ఈసారి రెండో డ్రమ్ములో నీళ్ల టీడీఎస్ 18. హెచ్2ఎస్ సీసా రెండో రోజుకు నల్లబడింది మాత్రం, పిట్టలు మన టైం టేబుల్ చూసి రెట్ట వేయవు. తాగాలంటే కాచాలి. ఇప్పటికి బాయిలోకి మళ్లిస్తున్నాను, బర్ల కొట్టాన్ని అటు చివరికి మార్చాక నైట్రేట్ మళ్లీ కొలవాలి.

తాగే నీళ్లకు ఏర్పాటు ఇలా కుదిరింది. గేటు దగ్గర సంపుకు ముందే పైపు కోసి వంటింట్లోకి వేరే లైను లాగాను, అర అంగుళం పైపు, పద్దెనిమిది అడుగులు. పొద్దున నీళ్లు వదిలినప్పుడు నేరుగా కొళాయి ఉన్న స్టీలు డ్రమ్ములోకి పడతాయి. మూత తీసి గ్లాసు ముంచే పని లేదు. వాసన గురించి అమ్మకు చెప్పింది ఒక్కటే, పొద్దున పట్టి మధ్యాహ్నం నుంచి తాగు, అప్పటికి తగ్గుతుంది.

ఆగస్టు 17

వారం రోజులుగా అమ్మ వంటకు నల్లా నీళ్లు, తాగడానికి మాత్రం నాకు తెలియకుండా క్యాన్ తెప్పించుకుంటోందని నాయిన చెప్పేశాడు. నేనేమీ అనలేదు.

ఇవాళ పొద్దున నేను లేచేసరికి పొయ్యి మీద మూడు గిన్నెలు ఉన్నాయి. కుక్కర్లు కాదు, మామూలు గిన్నెలు. మూడింటిలో ఒకే కొలత కందిపప్పు. ఒకదాంట్లో బోరు నీళ్లు, ఒకదాంట్లో నల్లా, ఇంకోదాంట్లో నా డ్రమ్ములోని వాన నీళ్లు. గ్యాసు కూడా ఒకే మంట మీద వంతులవారీగా మారుస్తోంది. "నువ్వే పరీక్షలు జేస్తవా" అంది.

బోరు అరగంటకు మెత్తబడింది. వాన నీళ్లది నలభై నిమిషాలు. నల్లాకు ముప్పావు గంట పైన పట్టింది కానీ ఉడికింది, పలుకు లేదు. గరిటెతో మెదిపి చూసి, నాకు కొంచెం చేతిలో వేసి, బోరు గిన్నె తీసుకెళ్లి బర్రె కుడితి గోలెంలో కుమ్మరించింది. క్యాన్ ఇంకా స్టాండు మీదే ఉంది, ఈ వారం నింపించలేదు.

నవంబరులో వానలు వెనక్కి పోయాక బోరు, బాయి మళ్లీ ల్యాబుకు ఇవ్వాలి. ప్లాస్టిక్ సీసాలు కడిగి అటక మీద పెట్టాను.